పసుపు గీత పక్కన తెల్ల గీత

మా సీటు కవర్ల షాపుకీ పక్కనున్న కార్ల షెడ్డుకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. అటు ఎవరు దగ్గినా ఇటు నాకు తెలుస్తుంది. అందుకే ఆ షెడ్డు మేస్త్రీ గురించి చెప్పే హక్కు ఆయన పెళ్లానికంటే నాకే ఎక్కువుందని నా నమ్మకం. ఆవిడ ఆయన్ని పొద్దునా రాత్రీ చూస్తుంది. నేను కుట్టుమిషను ముందు కూర్చుని రోజంతా వింటాను.

ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. పాముచెవుల మేస్త్రీ అంటే చాలు, ఎవరైనా దారి చూపిస్తారు. రోడ్డు మీద పోతున్న కారుని చెయ్యి అడ్డం పెట్టి ఆపి, "నీ ఇంజన్లో ఒక వాల్వు అలిగింది, ఇంటికెళ్లేలోపు చూపించుకో" అని చెప్పిన మనిషి. మామగారు పిల్లనిచ్చింది కూడా ఆ చెవులు చూసేనట. ఈయన ఎవరిదో బండి బాగుచెయ్యడానికి వాళ్ల వీధికి వెళ్లి, ముక్కూ మొహం తెలియని పెద్దాయన గేటు దగ్గర ఆగి, "అయ్యా, మీ కారు చెయిన్ సాగింది, నెల తిరక్కుండా నడిరోడ్డు మీద ఆగుతుంది" అన్నాడు. పెద్దాయన నవ్వి పంపించేశాడు. నెల తిరక్కుండా కారు ఆగింది, ఆ తర్వాత సంబంధం కుదిరింది. ఈ కథ నాకు చెప్పింది వదిన, అంటే మేస్త్రీ భార్య. మేస్త్రీ చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

చెవులు ఎంత చక్కనివో మనసు అంత వంకర. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా మేస్త్రీకి అది పెంపుడు కుక్క. కాళ్ల దగ్గరే పడుకునేది, పిలవకుండానే మొరిగేది. కొత్త బెల్టు డబ్బాలో వస్తే ముందు డబ్బాని తిట్టేవాడు. బెల్టు బయటికి తీసి గోటితో గీకి, వాసన చూసి, దాని మీది అక్షరాల్ని వెలుతురుకి పెట్టి, "అచ్చు బాగానే కొట్టారు వెధవలు" అనేవాడు. అది అసలు సరుకైనా అదే మాట. నేను సీటు కుట్టి పంపితే కుట్టు పట్టుకుని లాగి చూసేవాడు. నాకు ఒళ్లు మండేది.

"నా మీద నమ్మకం లేదా అన్నయ్యా?" అని ఒకసారి అడిగేశాను.

"నీ మీద ఉంది చెల్లీ. దారం మీదే లేదు" అన్నాడు.

ఆ షెడ్డుకి రెండు పద్ధతులున్నాయి, రెండూ ఆయన పెట్టినవే. మొదటిది పసుపు గీత. బోల్టు బిగించాక దాని తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి సన్నగా ఒక పసుపు పెయింటు గీత గీస్తాడు. బోల్టు వదులైనా, ఎవరైనా విప్పినా గీత విరుగుతుంది. గీత పెట్టకుండా బోల్టు మీంచి చెయ్యి తీస్తే తన దగ్గర పని నేర్చుకున్నవాడు కాదని చెప్పేవాడు. రెండోది స్క్రూడ్రైవరు. పని అయ్యాక పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. విని "పో" అంటాడు. ఆ "పో" అనేదాకా ఏ బండీ షెడ్డు గడప దాటదు. బండి యజమాని ఎంత పెద్దవాడైనా, ఎంత తొందరలో ఉన్నా, ఆ ఒక్క మాట కోసం చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

మధ్యాహ్నం పూట పని పలచబడితే మేస్త్రీ మా షాపు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నాకు ఇంజన్ల గురించి తెలిసిన నాలుగు ముక్కలూ ఆ స్టూలు మీంచి వచ్చినవే. ఇంజన్లో కింద ఒక ఇరుసు, పైన ఒక ఇరుసు ఉంటాయట. కిందది పిస్టన్ల ఊపుకి తిరుగుతుంది. పైది వాల్వుల్ని తీసి మూస్తుంది. కిందది రెండు చుట్లు తిరిగేసరికి పైది సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పితే చాలా ఇంజన్లలో పిస్టన్ వెళ్లి తెరిచి ఉన్న వాల్వుని గుద్దుతుంది, ఇంజన్ కడుపు చెడుతుంది. ఆ రెండు ఇరుసుల్నీ కలిపి తిప్పేది కొన్ని బళ్లలో పళ్లున్న రబ్బరు బెల్టు, కొన్నింట్లో ఇనుప చెయిన్, పెద్ద పెద్ద ఇంజన్లలో గేరు చక్రాలు.

"ఇందులో ఏది మంచిది అన్నయ్యా?" అన్నాను. నా మిషనుకి కూడా బెల్టుంది కాబట్టి నాకూ ఆసక్తే.

"నమ్మాలంటే గేరు. పుట్టినప్పట్నుంచీ గొణుగుతూనే ఉంటుంది గానీ పని మానదు. బరువెక్కువ, గోలెక్కువ, అందుకే చిన్న కార్లలో పెట్టరు. చెయిన్ నూనెలో మునిగి తిరుగుతుంది, చాలాకాలం వస్తుంది. సాగిందనుకో, పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టు చెయ్యగానే గలగలా చెబుతుంది. చెప్పినప్పుడు వినాలి, అంతే. ఈ బెల్టుంది చూశావూ, ఇది నంగనాచి. మెత్తగా తిరుగుతుంది, చప్పుడుండదు. ఓ రోజు ఉన్నట్టుండి టప్‌మని తెగుతుంది. అందుకే అది బాగున్నప్పుడే తీసి పారెయ్యాలి. చప్పుడు చెయ్యనిదాన్ని ఎప్పుడూ నమ్మకు చెల్లీ."

"మరి నువ్వేంటి?"

"నేను గేరు."

"వదిన?"

"చెయిన్. ముందే చెబుతుంది. పది సార్లు చెబుతుంది."

"మీ బావమరిదో?"

ఆయన షెడ్డు వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించాడు. తగ్గించాననుకున్నాడు గానీ రోడ్డుకవతల పంక్చర్లు వేసేవాడు కూడా తలెత్తి చూశాడు.

"వాడు బెల్టు" అన్నాడు.

బావమరిది అంటే వదిన తమ్ముడు. మీసాలు రాకముందు ఆ షెడ్డులో చేరి, ఇప్పుడు మీసాలు నెరుస్తున్నా అక్కడే ఉన్న మనిషి. షెడ్డులో ఉండేది వాళ్లిద్దరే. అతని నోట్లోంచి రోజుకి వచ్చేవి "ఊఁ బావా", "అలాగే బావా" అన్న రెండు మాటలు. చేతి పని మాత్రం బంగారం. ఆ మాట మేస్త్రీ కూడా ఒప్పుకునేవాడు, అయితే దాన్ని కూడా ఒక నేరంలాగే చెప్పేవాడు.

అసలు గొడవ ఎక్కడ మొదలైందంటే, ఒక పాత కారు రేడియేటరు కోసం మళ్లీ షెడ్డుకి వచ్చింది. అంతకుముందు దానికి బెల్టు వేసింది మేస్త్రీయే. పనిలో పనిగా బెల్టు కవరు తీసి చూశాడు. లోపల చిన్న చక్రం బోల్టు మీద ఆయన పసుపు గీత విరిగి ఉంది. దాని పక్కనే ఆయనది కాని తెల్ల గీత, తాజాగా, నీటుగా ఉంది.

ఆ తెల్ల గీత ఆయన్ని దెయ్యంలా పట్టుకుంది. తిరిగొచ్చిన ప్రతి బండీ ఏదో ఒక వంకతో విప్పడం మొదలుపెట్టాడు. కొన్నింట్లో ఏమీ లేదు. కొన్నింట్లో తెల్ల గీత. తన తర్వాత ఎవరో విప్పి మళ్లీ బిగిస్తున్నారు. ఎవరో ఏమిటి? ఆ షెడ్డులో ఉన్న రెండో మనిషి ఎవరు?

"కొత్త సామాను తీసి ఎక్కడికో చేరవేస్తున్నాడు చెల్లీ. వేరే షెడ్డు పెడతాడు. నా బళ్లన్నీ లాక్కుపోతాడు" అన్నాడు నాతో.

"ఛ, ఊరుకో. బతుకు కోరేవాడు బావమరిది అన్నారు పెద్దలు."

"ఆ మాట కనిపెట్టినవాడు ఎవడి బావమరిదో కనుక్కో ముందు."

అప్పటికే ఆయనకి అందరి మీదా ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. అందరూ తన వెనక గొణుగుతున్నారట. ఇంట్లో వదినా తమ్ముడూ మాట్లాడుకుంటూ తను రాగానే నోళ్లు మూస్తున్నారట. బండ్లవాళ్లు తనతో ఒక మాట, వాడితో ఒక మాట చెబుతున్నారట. ఒక్క టాక్సీవాడే సూటిగా మాట్లాడతాడని మెచ్చుకునేవాడు. ఆ టాక్సీవాడిని మేమందరం హారన్ అంటాం. అతను పక్కన కూర్చున్న మనిషితో కూడా ఎదురు కొండకి వినపడేట్టు మాట్లాడతాడు.

నేనూ తక్కువ తిన్లేదు. బావమరిది మీద నాకూ అనుమానముంది, నా కారణం నాకుంది. షాపు ఊడవడానికి నేను వీధిలో అందరికంటే ముందొస్తాను. ఈ మధ్య నాకంటే ముందే షెడ్డు షట్టరు సగం లేచి ఉంటోంది. బావమరిది లోపల ఒక్కడే ఉండి ఇంజను స్టార్టు చెయ్యడం, వెంటనే ఆపడం, పానాల చప్పుడు. మేస్త్రీ వచ్చే వేళకి ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడేవాడు. సగం షట్టరు ఎత్తి దూరేవాణ్ణి చూసి ఎవరు మాత్రం మంచివాడనుకుంటారు? అది నేను మేస్త్రీ చెవిన వేశాను.

ఆయన నా మిషను పక్కనున్న దారపు ఉండల్ని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తర్వాత, "బాగా సన్నటి నల్ల దారం ఒక మూర ఇవ్వు" అన్నాడు.

ఆ సాయంత్రం షెడ్డులో ఉన్నది హారన్ టాక్సీ. చెయిన్ ఉన్న ఇంజను. ఆయిలు మార్చి, స్క్రూడ్రైవరు పెట్టి విని, "వెన్నలా ఉంది, పొద్దున్నే వచ్చి తీసుకుపో" అని హారన్‌ని పంపించాడు. అందరూ వెళ్లాక నా దారాన్ని ఇంజను మీద రెండు బోల్టులకి చుట్టి కట్టాడు. చీకట్లో చేత్తో తడిమితే తప్ప తెలియనంత సన్నం అది.

మర్నాడు తెల్లారేసరికి మేస్త్రీ మా షాపులో ఉన్నాడు. నేను తలుపు దగ్గరగా వేసి, లోపల స్పాంజి షీట్ల కుప్ప మీద ఆయన్ని కూర్చోబెట్టాను. పెద్దమనిషి, పిల్లి ఎలుక కోసం కాచుకున్నట్టు రేకు గోడ సందుకి కన్ను పెట్టి కూర్చున్నాడు. నాకు భయంగానూ ఉంది, లోలోపల కొంచెం సరదాగానూ ఉంది, దాచుకోవడం ఎందుకు.

షట్టరు సగం లేచింది. బావమరిది వంగి లోపలికొచ్చాడు. టాక్సీ తలుపు తీసి, బానెట్టు ఎత్తి, ఇంజను స్టార్టు చేశాడు.

గలగల. గలగల. గుప్పెడు మేకులు డబ్బాలో పోసి ఊపుతున్నట్టు చప్పుడు. రేకు గోడ దాటి, మిషను దాటి, నా పళ్ల దాకా వచ్చింది. ఇంజన్ల గురించి స్టూలు చదువు తప్ప లేని నాకే తెలిసింది అది చెయిన్ అని. పక్కకి తిరిగి మేస్త్రీ మొహం చూశాను.

ఆయన మొహంలో గెలుపు. "చూశావా చెల్లీ? ఇంజను ఎంత మెత్తగా తిరుగుతోందో విన్నావా? దాని మీద పెట్టిన పాలగిన్నె కూడా తొణకదు. ఏ రోగమూ లేని ఇంజన్ని ఎందుకు విప్పుతున్నాడంటావ్?"

ఆయన ఇంజను హోరు వింటున్నాడు, నిజంగానే వింటున్నాడు. ఆ హోరు మీద తేలుతున్న గలగల మాత్రం ఆయనకి లేనే లేదు. వెనక జనం గొణగడం, వదిన నోరు మూసుకోవడం, హారన్ ఒక్కడే మంచివాడు కావడం, అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందు వరసకట్టాయి. చెబుదామని నోరు తెరిచేసరికి ఆయన లేచి వెళ్లిపోయాడు. వెనకాలే పరిగెత్తాను.

"ఏం చేస్తున్నావురా?"

బావమరిది అప్పటికే ఇంజను ఆపేసి బోల్టు విప్పబోతున్నాడు. చేతిలో పానా, ఆ పానాకి తెగిన నల్ల దారం. అతను దారం చూశాడు, గుమ్మంలో నన్ను చూశాడు. ఆ రంగు దారం ఆ వీధిలో ఎవరి దగ్గరుంటుందో అతనికి తెలుసు.

"ఏం లేదు బావా."

"ఏమీ లేకుండానే నా గీతలు విరగ్గొడుతున్నావా? తెల్ల పెయింటు ఎవడిది? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను. నా ఇంట్లో అన్నం తిని, నా చేతి కింద పని నేర్చుకుని, నా షెడ్డుకే కన్నం వేస్తావా?"

అతను తల వంచుకున్నాడు. ఒక్క మాట చాలు, "నీకు వినపడటం లేదు బావా" అంటే తను బయటపడతాడు. అనలేదు. దొంగ అనిపించుకుని నిలబడ్డాడు గానీ ఆ మాట అనలేదు. నాకు అతని మీద జాలీ, కోపమూ కలిసి వచ్చాయి. తెలివి లేనివాడు కాదు కదా, దొంగచాటుగా చేసే పనికి తెల్ల గీత ఎందుకు పెట్టాలి? గీత పెట్టకపోతే బోల్టు దానంతటదే వదులైందనుకునేవాళ్లు. కానీ గీత పెట్టకుండా బోల్టు మీంచి చెయ్యి తియ్యడం అతనికి ఎవరూ నేర్పలేదు. బావ పసుపు రంగు ముట్టుకునే ధైర్యమూ లేదు.

"ఈ పూటతో సరి. నీ పానాలు సర్దుకో. మీ అక్కకి నేను చెప్పుకుంటాను" అన్నాడు మేస్త్రీ.

"అలాగే బావా" అన్నాడతను. పానాలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచీలో పెట్టుకున్నాడు. సంచీ భుజాన వేసుకుని ఆగాడు. "ఈ టాక్సీ మాత్రం పంపకు."

"ఎందుకు పంపకూడదు?"

అతను సంచీని భుజం మీద ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

అప్పుడే హారన్ వచ్చాడు. ఆ రోజు అతను దూరం బేరం ఒప్పుకున్నాడు, పిల్లలున్న కుటుంబం, కొండ దారి. "మేస్త్రీ! బండి రెడీయేనా?" అని వీధంతా లేపాడు.

"రాత్రే రెడీ. స్టార్టు చెయ్" అన్నాడు మేస్త్రీ. బావమరిది మీద పంతం కొద్దీ స్క్రూడ్రైవరు తీసి ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

హారన్ తాళం తిప్పాడు. మళ్లీ అదే గలగల, ఈసారి ఆగకుండా.

"ఇదేంటి మేస్త్రీ, ఈ గోలేంటి?" అన్నాడు హారన్.

"ఏ గోల?" మేస్త్రీ కళ్లు తెరవలేదు. పిడిని ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు. "ఏ గోలా లేదు."

హారన్ నోరు తెరిచాడు. బావమరిది అతని భుజం పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆ మనిషి జన్మలో మొదటిసారి ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నాడు. ఆ నిశ్శబ్దానికి మేస్త్రీ కళ్లు తెరిచాడు. హారన్ మొహం చూశాడు. బావమరిది మొహం చూశాడు, అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"చెల్లీ, నువ్వు చెప్పు. ఏమన్నా వినపడుతోందా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ కారులో పిల్లలెక్కుతారు. ఆ బావమరిది సంచీ భుజాన వేసుకుని దొంగగా వెళ్లిపోతాడు. ఎన్నడూ ఎవర్నీ నమ్మని మనిషి ఈ ఒక్క ప్రశ్న నన్ను నమ్మి అడిగాడు.

"వినపడుతోంది అన్నయ్యా. పొద్దున గోడవతల కూర్చున్నప్పుడే వినపడింది."

ఆయన స్క్రూడ్రైవరు దించాడు. దాన్ని తిప్పి చూశాడు, తప్పు దానిదేమోనన్నట్టు. తర్వాత ముందుకి వంగి, చెయిన్ ఉండే చోట ఇంజను కవరు మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. కవరు అదురు ఆయన మణికట్టు దాకా పాకడం నాకు కనబడుతోంది. ఊళ్లో ప్రతివాణ్ణీ, ప్రతి డబ్బానీ, నా దారాన్నీ అనుమానించిన మనిషి, తన చెవుల్ని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. ఆ అనుమానం మొదటిసారి వచ్చినప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నేను చెప్పలేను. నాకు ఏడుపొచ్చింది.

"ఆపు" అన్నాడు. హారన్ ఇంజను ఆపాడు.

"ఆ తెల్ల గీతలన్నీ ఇలాంటివేనా?" అని అడిగాడు బావమరిదిని, అటు చూడకుండానే.

"అన్నీ కాదు బావా. ఏవో ఒకటి రెండు."

మేస్త్రీ అతన్ని అలవాటైన అనుమానపు చూపు చూశాడు. ఈసారి ఆ అనుమానం సరైనదేనని నాకూ తెలుసు.

"మీ అక్కకి తెలుసా?"

"ఊఁ బావా."

పాపం హారన్‌కి బేరం వేళ మించిపోతోంది. ఎప్పుడూ అడిగే మాటే, అలవాటు కొద్దీ మేస్త్రీనే చూస్తూ అడిగాడు. "మరి బండి తీసుకుపోనా మేస్త్రీ? వద్దా?"

ఆ ప్రశ్నకి ఆ షెడ్డులో ఇన్నేళ్లుగా జవాబు చెప్పింది ఒకే ఒక్క గొంతు. మేస్త్రీ చేతిలో స్క్రూడ్రైవరు వైపు చూసుకున్నాడు. దాన్ని తీసుకెళ్లి బావమరిది భుజాన వేలాడుతున్న సంచీలో, మిగతా పానాల మధ్య పెట్టాడు. ఆ సంచీని తనే అతని భుజం మీంచి దించి బల్ల మీద పెట్టాడు.

"వాణ్ణడుగు" అన్నాడు.

బావమరిది గొంతు సవరించుకున్నాడు. ఏళ్ల తరబడి దాచుకున్న గొంతంతా ఒక్కసారి బయటికొచ్చినట్టు, "వద్దు! చెయిన్ మార్చాలి!" అని అరిచాడు.

"అంత అరుస్తావేంట్రా, నాకేమన్నా చెవుడా?" అన్నాడు మేస్త్రీ.

అనేశాక ఆయనే ఆగిపోయాడు. నవ్వాలో వద్దో మాకెవరికీ తెలియలేదు. ఆయన ఇంక ఎవర్నీ చూడకుండా వంగి, ఆయిలు దించే పళ్లెం ఇంజను కిందికి తోశాడు.